పది గంటల శత్రువు

ఆ ఆదివారం సరిగ్గా పది గంటలకు శత్రువు వస్తాడని ఆదాముకు ముందే తెలుసు. టైపు చేసిన కాగితం మీద ఉంది. తొమ్మిదికి ఓడ మీద హాజరు, పదికి శత్రువు, పదకొండుకు అడ్మిరల్ గారికి టీ, పన్నెండుకు మేనేజరు గారి సంతకం. ఈ చివరిది మాత్రం కాగితం మీద లేదు, ఆదాము మనసులో ఉంది. అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ ఆ సంతకాన్నే తలుచుకుని, చెంప మీద రెండు చోట్ల కోసుకున్నాడు.

ఆదాము హుగ్లీ నది ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ఒక ఓడల మరమ్మతు యార్డులో జెట్టీ కాపలాదారు. యార్డు పేరు చెప్పడం లేదు. చెబితే అక్కడి యూనియన్లు మూడూ పోటీలు పడి మూడు ఖండనలు పంపుతాయి. పదకొండేళ్ళుగా అతనక్కడ కాజువల్. కాజువల్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకు చెప్పాలి: రోజూ వచ్చేవాడే, అయినా రోజూ ఇవాళే మొదటిసారి వచ్చినట్టు లెక్క. ఇన్నాళ్ళూ అలాగే ఈడ్చుకొచ్చాడు. ఇప్పుడు ఏప్రిల్ నుంచి కాజువల్స్ అందరినీ ఇంటికి పంపేస్తామని నోటీసు బోర్డు మీద అంటించారు. ఈలోగా పర్మనెంటు అయితే ఉద్యోగం ఉంటుంది, నదివైపు కిటికీ ఉన్న క్వార్టరు వస్తుంది. కాకపోతే ఏక్‌బాల్‌పూర్ సందులో ఈ ఒంటి గది, ఆ గదిలో భార్య డోర్కాస్, అత్తగారు కాంతమ్మ, పొద్దస్తమానం వాళ్ళెదురుగా తను. ఆ మూడోది తలుచుకుంటేనే ఆదాముకు చెమటలు పట్టేవి.

అతని ఫైలు మీద దుమ్ము దులిపినవాడు లెఫ్టినెంట్ కమాండర్ జానకిరామ్. వరంగల్ మనిషి. యార్డుకు మరమ్మతుకొచ్చిన నేవీ గస్తీ ఓడ మీద భద్రత చూసే ఆఫీసరు. కిందటి అక్టోబరులో ఎక్కడో అరబ్బుల రేవులో ఓ చిన్న పడవ వచ్చి పెద్ద యుద్ధనౌకకు చిల్లు పెట్టిందని పేపర్లో చదివిన నాటి నుంచీ ఆయనకు కంటి మీద కునుకు లేదు. హుగ్లీ మీద రోజూ వందల పడవలు తిరుగుతాయి. చేపలవి, ఇటుకలవి, గడ్డివి. ఆయన కళ్ళకు అన్నీ దాడికే వస్తున్నట్టుండేవి.

"చూడు ఆదామ్," అనేవాడు, "పెద్ద ఓడ వస్తే రేడార్ చెప్తది. చిన్న పడవ వస్తే ఎవ్వడూ చెప్పడు. అది చేపల పడవనో, దుష్మన్ పడవనో దగ్గరికొచ్చేదాక తెల్వదు. తెలిసే టైముకి మన కథ ఖతం."

అందుకని ఆయన అయిదు మెట్లతో అరవై పేజీల పథకం రాశాడు. పడవ దగ్గరికొస్తుంటే ముందు మైకులో హెచ్చరిక. వినకపోతే సైరన్. అప్పటికీ వినకపోతే ఎర్ర తారాజువ్వ. ఆ తరువాత ఫైరు గొట్టంతో నీళ్ళు. చిట్టచివర ఉత్తుత్తి తూటాలతో మరతుపాకి. ఈ కసరత్తును చూడడానికి ఢిల్లీ నుంచి అడ్మిరల్ గారే వస్తున్నారు. అన్నీ సిద్ధం. ఒక్క శత్రువే తక్కువ. వాణ్ణి తెచ్చే పనీ, ఆ రోజు దూరం నుంచి చూసి "వీడే వాడు" అని గుర్తుపట్టి చెప్పే పనీ ఆదాముకు అప్పగించాడు. లేకపోతే ఏ పాపమూ ఎరగని చేపలవాడి మీద నీళ్ళు పడతాయి కదా. "ఇది మంచిగ చేస్తే నీ ఫైలు అయిపోయినట్టే. మేనేజర్ నాకు మాటిచ్చిండు. కానీ ఎవ్వరికీ చెప్పకు, ఇంట్ల కూడా," అన్నాడు.

ఆదాము నేరుగా నిమాయ్ దగ్గరకు వెళ్ళాడు. నీలం ముక్కున్న ఇంజను పడవ నిమాయ్‌ది. పడవ నడపడం ఆయనకు పక్క పని. అసలు పని అక్కడి పడవవాళ్ళ యూనియన్‌కు కార్యదర్శిగా ఉండడం. ఆదాము పుట్టింది ఈ ఊళ్ళోనే కనుక బెంగాలీ ధారాళంగా వచ్చు. టీ చెప్పి, సంగతి చెప్పాడు.

"శత్రువుగానా?" అన్నాడు నిమాయ్. "కష్టపడి బతికేవాణ్ణి పట్టుకుని శత్రువంటారా?"

"ఉత్తినే దాదా, నాటకం. నువ్వొస్తావు, వాళ్ళు ఆపుతారు, నువ్వు వెనక్కి పోతావు."

"అంటే నేను ఓడిపోతాను."

"శత్రువు కదా మరి. ఓడిపోవాలి."

"యూనిఫాం ముందు శ్రామికుడు ఓడిపోవాలా? అదీ ఎన్నికలు నెత్తి మీద పెట్టుకుని?" నిమాయ్ గ్లాసు కింద పెట్టాడు. "డ్రా అయితే చెప్పు, ఆలోచిస్తాను."

డ్రా మాట వినగానే జానకిరామ్ ఎగిరిపడ్డాడు. "దుష్మన్‌తోని డ్రా ఏంది? కబడ్డీనా ఇది?" అన్నాడు. ఆదాము మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ టీ చెప్పాడు. చివరికి నిమాయ్, ఆదివారం పొద్దున్నే యూనియన్ మీటింగు పెడతామనీ, తీర్మానం ఎలా పాసైతే అలా చేస్తాననీ అన్నాడు. అంటూ నవ్వాడు. నిమాయ్ కూర్చున్న మీటింగులో నిమాయ్ మాట కాక ఇంకెవరి మాట నెగ్గుతుంది? నవ్వాడు కాబట్టి ఒప్పుకున్నట్టే. అలా లెక్క వేసుకుని ఆదాము వచ్చి, "శత్రువు ఒప్పుకున్నాడు సార్. నీలం ముక్కు పడవ, నిమాయ్ నడుపుతాడు," అని చెప్పేశాడు. జానకిరామ్ ఆ మాట అరవై ఒకటో పేజీలో ఎక్కించాడు.

ఆదివారం పొద్దున ఆదాము ఇస్త్రీ బట్టలు తొడుక్కుని బూట్లు వేసుకుంటుండగా కాంతమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తెల్లచీర, చంకలో బైబిలు.

"ఏటి, ఈ రోజు కూడా డ్యూటీయేనా?"

ఆ ప్రశ్నకు పద్నాలుగేళ్ళ చరిత్ర ఉంది. ఆదాము వాళ్ళు సాలూరు వైపు లూథరన్లు. చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడే పాదిరి గారు అతని నెత్తిన మూడు చుక్కలు చల్లి బాప్తిస్మం ముగించారు. కాంతమ్మ బొబ్బిలి బాప్టిస్టు. ఆమె దృష్టిలో బుద్ధి తెలిసిన మనిషిని నిలువునా నీళ్ళలో ముంచితే తప్ప అది బాప్తిస్మం కాదు. పెళ్ళయిన నాటి నుంచి అల్లుణ్ణి ముంచాలని ఆమె, మునగకూడదని అతను పంతం పట్టి ఉన్నారు. ఏడాదికోసారి చర్చి సంఘం వాళ్ళు నదిలో బాప్తిస్మాలు పెట్టుకునే ఆదివారానికి ఆదాము ఎలాగోలా డ్యూటీ వేయించుకునేవాడు.

"నీ నెత్తి తడిసింది గాని నువ్వు తడవనేదు, ఆదామూ. ఈ యేడు ముగ్గురు ములుగుతన్నారు. నాలుగోవోడివి నువ్వయిపో, నా మాటిని."

"పదిగంటలకి శత్రువొస్తాడత్తా. నాను నేకపోతే ఆణ్ణెవులు గుర్తుపడతారు?"

"శత్రువేటి? ఎవుడాడు?"

"సెప్పకూడదు. రహస్యం."

"పెళ్ళాంకీ సెప్పవు, అత్తకీ సెప్పవు, ఆ శత్రువుకి మాత్రం టీలు తాగిస్తావు. బజారంతా సూసింది," అంది కాంతమ్మ.

డోర్కాస్ టిఫిన్ డబ్బా అందిస్తూ, "ఏటండీ, ఈసారి మేము ఘాట్‌కి కాదు..." అని మొదలుపెట్టింది.

"సాయంత్రం సెప్దువులే," అని ఆదాము అత్తగారి పక్క నుంచి ఒడుపుగా జారుకుని వీధిలో పడ్డాడు. ఆ ఒక్క వాక్యం పూర్తిగా విని ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

డోర్కాస్ చెప్పబోయింది ఇదీ. వాళ్ళు ఎప్పుడూ దిగే ఘాట్ మెట్లు విరిగి మూడేళ్ళయింది. బాగు చేయడానికి కమిటీ వేశారు, కమిటీ పని తీరు చూడడానికి ఇంకో కమిటీ వేశారు. ఆ బురదలో దిగితే మునగడమే గాని లేవడం ఉండదని పాస్టరు దయానందం గారు భయపడి, ఈసారి పడవ కట్టించుకుని అవతలి ఒడ్డుకు పోదామన్నారు. పోటు నీళ్ళు నిండేది పదింటికి. పడవ మాట్లాడే పని కాంతమ్మ తన మీద వేసుకుంది. అల్లుడు ఎవరితో టీలు తాగుతున్నాడో వీధంతా చెప్పిందిగా, ఆ పడవే మాట్లాడింది.

నిమాయ్ యూనియన్ మీటింగు తొమ్మిదికల్లా అయిపోయింది. శ్రామికులైన పడవవాళ్ళు ఎవరికీ, ఏ విధంగానూ శత్రువులుగా ఉండరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. దాన్ని యార్డుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలనీ నిర్ణయించారు. ఆదివారం టైపిస్టు రాడు కనుక సోమవారం తెలియజేస్తారు. ప్రార్థనకు పోయేవాళ్ళను ఎక్కించుకోకూడదని మాత్రం తీర్మానంలో ఎక్కడా లేదు. నిమాయ్ మనసు నిబ్బరంగా ఉంది. తొమ్మిదిన్నరకు ఇరవై ముగ్గురిని, రెండు డోలక్‌లను, భోజనాల గంగాళాన్ని ఎక్కించుకుని ఇంజను తిప్పాడు.

కాంతమ్మ పడవ ముక్కు దగ్గర కూర్చుంది. పాస్టరు గారి వైపు తిరిగి, "మా అల్లుడు నేవీ ఓడ మీదే డ్యూటీ అండి. పెద్ద పెద్ద ఆపీసర్లతో పని," అంది. తరువాత ఓడ పక్క నుంచే పోనివ్వమని తనకొచ్చిన హిందీలో నిమాయ్‌ను కేకేసింది. "జహాజ్ కే పాస్ సే చలో బాబా, పాస్ సే! పాస్టరు గారు దేఖేగా!"

నిమాయ్ చుక్కాని అటు తిప్పాడు.

ఓడ మీద అందరూ బారులు తీరి ఉన్నారు. పై డెక్కు మీద అడ్మిరల్ గారు కుర్చీలో కూర్చుని, పక్కన యార్డు మేనేజరు చేతులు కట్టుకుని. ఆయన చంకలో ఆదాము ఫైలుంది. కొంచెం ఎడంగా జానకిరామ్, ఆయన పక్కన దుర్భిణి పట్టుకుని ఆదాము. తెల్లదుస్తుల్లో ఒక అంపైరు కూడా ఉన్నాడు. శత్రువు ఎంత దగ్గరికొచ్చాడో రాసుకోవడం ఆయన పని.

పది కొట్టింది. నది మలుపులో నీలం ముక్కు కనిపించింది. ఆదాము దుర్భిణి ఎత్తి చూశాడు. ఆ తుప్పు పట్టిన పొగగొట్టం, చుక్కాని దగ్గర నిమాయ్ బట్టతల. ప్రాణం లేచొచ్చింది. శత్రువు వస్తే ఇంత సంతోషపడ్డవాడు ఆ నది మీద ఇంకొకడు ఉండడు.

"అదే సార్, శత్రువు!" అని గట్టిగా, అడ్మిరల్ గారికి కూడా వినపడేలా అరిచాడు.

"ష్యూర్?"

"నూటికి నూరు పాళ్ళు సార్."

మేనేజరు గారు ఆదాము వైపు చూసి తల ఊపారు. ఆ ఊపులో నదివైపు కిటికీ కనిపించింది ఆదాముకు. మళ్ళీ దుర్భిణి ఎత్తాడు. ఈసారి పొగగొట్టం దాటి ముందుకు చూశాడు. తెల్లబట్టలు. ఆడవాళ్ళు, పిల్లలు. డోలక్. ముక్కు దగ్గర కూర్చుని, చెయ్యెత్తి తన వైపే ఊపుతున్న కాంతమ్మ. ఆమె వెనక డోర్కాస్.

ఆదాము దుర్భిణి దించి కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. కాంతమ్మే. ఈ లోకంలో అంత కచ్చితంగా ఆమెలా ఉండేది ఆమె ఒక్కతే.

"ఆదామ్!" జానకిరామ్ అతని భుజం పట్టుకున్నాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఏంది ఇది? వేషాలేసుకొచ్చిండ్రా? భక్తుల లెక్క! ఆడోళ్ళను ముంగట కూసోబెట్టి! నేను అడగనే లేదు గదా ఇదంతా. జబర్దస్త్ ఆదామ్, నీకు మస్తు దిమాక్ ఉంది." తిరిగి అడ్మిరల్ గారికి ఇంగ్లీషులో చెప్పాడు, శత్రువు మారువేషంలో వస్తున్నాడని. అడ్మిరల్ గారు కుర్చీలో ముందుకు జరిగారు.

ఇప్పుడు నోరు తెరిచి "సార్, ఆవిడ మా అత్తగారు" అంటే? నూటికి నూరు పాళ్ళు అన్నవాడు అరనిమిషంలో మాట మార్చినట్టు. శత్రువునూ అత్తగారినీ కూడా పోల్చుకోలేనివాడికి ఏ మేనేజరు సంతకం పెడతాడు? కసరత్తు రద్దు, ఢిల్లీ అడ్మిరల్ ముందు పరువు గంగపాలు, ఏప్రిల్ ఒకటిన గేటు బయట. మైకులో ఓ మాట, సైరన్ ఓ కూత, అంతేగా, నిమాయే భయపడి పడవ తిప్పేస్తాడు అనుకున్నాడు ఆదాము. నిజం చెప్పాలంటే, అత్తగారు కాస్త భయపడితే తప్పేమిటి అని కూడా అనుకున్నాడు. నోరు మూసుకున్నాడు.

"ఆగండి! వెనక్కి తిరగండి!" అని మైకు హిందీలో గర్జించింది.

అల్లుడి ఓడ వాళ్ళు పాస్టరు గారికి స్వాగతం చెబుతున్నారని కాంతమ్మ అందరికీ చెప్పింది. పడవలో అందరూ లేచి రెండు చేతులూ ఊపారు. సైరన్ మోగింది. దాని శ్రుతిలో డోలక్ అందుకుంది, పాట రెండింతలయింది. ఎర్ర తారాజువ్వ పైకి లేచి టప్పున పేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకోటి వేయమని కేకలు పెట్టారు.

"ఏం యాక్టింగ్!" అన్నాడు జానకిరామ్. "గొట్టం తెరువుండ్రి!"

ఆదాము నోరు తెరిచాడు. మేనేజరు చంకలో ఫైలు కనిపించింది. నోరు మూసుకున్నాడు. ఈ ఒక్క క్షణం గురించి అతను తరువాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

యార్డు ఫైరు గొట్టం మామూలు రోజుల్లో చెంబెడు నీళ్ళు కూడా కక్కదు. అడ్మిరల్ గారు వస్తున్నారని వారం రోజులు కూర్చుని దాన్ని బాగు చేశారు. ఆ నీటి ధార వెళ్ళి పడవను ఈ చివర నుంచి ఆ చివరకు ఊడ్చేసింది. డోలక్ ఆగిపోయింది. గంగాళం మూత ఎగిరి నదిలో పడింది. బాప్తిస్మానికి సిద్ధమైన ముగ్గురిలో ఒక పిల్ల ముక్కులోంచి నీళ్ళు చీదుకుంటూ, "అయ్యగారూ, అయిపోయిందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నారు దయానందం గారు, కళ్ళజోడు వెతుక్కుంటూ. "ఇది చిలకరింపే. చెల్లదు."

నిమాయ్ మండిపోయి లేచాడు. "తీర్మానం పాసయింది! ఏకగ్రీవం! మమ్మల్ని ముట్టుకోవడానికి వీల్లేదు!" అని బెంగాలీలో అరుస్తూ, తాము ఎవరి పక్షమూ కాదని తెలియడానికి యూనియన్ ఎర్రజెండా తీసి కర్రకు కట్టి ఊపాడు. ఓడ మీంచి చూసేవాళ్ళకు, శత్రువు జెండా ఎగరేసి నినాదాలిస్తున్నాడు. అంపైరు అది కూడా రాసుకున్నాడు. ఇంకాస్త నీళ్ళు పట్టమన్నాడు జానకిరామ్. పట్టారు. పడవ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఇంజను ఆగితే ఏమవుతుందో అరవై పేజీల్లో ఎక్కడా లేదు. పోటు మీదున్న నది ఆ పడవను మెల్లగా, మర్యాదగా, తిన్నగా ఓడ వైపు తోసుకురావడం మొదలుపెట్టింది.

అప్పుడు గాని ఆదాము పెదవి పెగల్లేదు. "సార్, ఆపండి సార్! ఆళ్ళు శత్రువులు కారు! ఆవిడ మా అత్త సార్, ఆ పక్కన మా ఆడది! సంఘపోల్లు సార్, అందరూ మావోల్లే!"

జానకిరామ్‌కు సంగతి అర్థమైంది. అయితే ఆయన నేవీలో పెరిగిన మనిషి. మొదలుపెట్టిన మెట్లు మధ్యలో ఆపడం రాదు. నోరు తనంతట తనే, "మరతుపాకీ! ఉత్తుత్తి తూటాలు!" అని అరిచింది.

తూటాలు యార్డు స్టోరులో ఉన్నాయి. స్టోరుకు తాళం ఉంది. తాళంచెవి స్టోరు బాబు దగ్గర ఉంది. స్టోరు బాబు భవానీపూర్‌లో అత్తవారింట్లో ఆదివారం భోజనానికి వెళ్ళాడు. రేపు పదింటికి వస్తాడు, పదిన్నరకు తప్పకుండా వస్తాడు అని మేనేజరు అడ్మిరల్ గారికి వినయంగా చెప్పారు.

ఆదాము ఇంక ఎవరినీ చూడలేదు. ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన పట్టుకుని జరజరా దిగాడు. పడవను కాలితో నెట్టేద్దామని చివరి మెట్టు మీద నిలబడి కాలు చాచాడు. కాలు గంగాళం మీద పడింది. గంగాళం జరిగింది. బూట్లతో, ఇస్త్రీ బట్టలతో ఆదాము పడవ అవతలి పక్కన హుగ్లీలో బుడుంగున మునిగాడు. అదే సమయంలో పడవ ముక్కు ఓడకు ఠంగున తగిలింది.

"ములిగినాడు!" కాంతమ్మ లేచి నిలబడి అరిచింది. అల్లుడు పోయాడన్న భయం అందులో కొంత ఉంది, పద్నాలుగేళ్ళ కోరిక కొంత ఉంది. "నిలువునా ములిగినాడు! అయ్యగారూ, బాప్తిస్మం మాటలు బేగి అనీయండి, తేలిపోతాడు!"

"విశ్వాసపు ఒప్పుకోలు ఉండాలమ్మా," అన్నారు దయానందం గారు. "అది లేకుండా ఎలా అంటాను?"

"తేలినాక ఒప్పిస్తాను గదండీ! ముందు మీరు అనీయండి!"

డోర్కాస్ మాత్రం వంగి మొగుడి కాలరు పట్టుకుంది. నిమాయ్ కొక్కెం కర్రతో అందుకుని పైకి లాగాడు. ఆ రోజు ఆ నది మీద ఎవరికైనా ఉపయోగపడిన పని అదొక్కటే.

పావుగంట తరువాత ఇరవై ముగ్గురు భక్తులూ, నిమాయ్ యూనియన్ జెండాతో సహా, ఓడ డెక్కు మీద నీళ్ళు కారుతూ నిలబడ్డారు. నావికులు దుప్పట్లు, టీ పంచుతున్నారు. అంపైరు తన పుస్తకంలో "ఓడ మునిగినది" అని రాసి, సమయం వేసి, మునిగిన ఓడ మీదే నిలబడి తనూ ఓ టీ తాగాడు.

జానకిరామ్ కట్టెలా నిలబడ్డాడు. మేనేజరు గారు ఫైలును చంకలోంచి తీసి వీపు వెనక పెట్టుకున్నారు. అది చూశాక ఆదాముకు ఇంక భయం కూడా మిగల్లేదు. పోయింది. పదకొండేళ్ళూ ఓ పూటలో పోయాయి. చివరికి అడ్మిరల్ గారు, "ఈ శత్రువును ఏర్పాటు చేసిందెవరు?" అని ఇంగ్లీషులో అడిగారు. జానకిరామ్ వేలు తనంతట తనే ఆదాము వైపు లేచింది.

ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే ఆదాము ముందుకొచ్చాడు. కానీ అతనికన్నా ముందు కాంతమ్మ వచ్చింది. ఆమెకు అంతా అర్థమైపోయింది. పైనుంచి దుర్భిణిలో తనను చూసి కూడా అల్లుడు నోరెత్తలేదని. తన ఒక్క మాటతో అతని బతుకు బుగ్గి అవుతుందని ఆమెకు తెలీదు. తెలిసినా ఆగేది కాదు.

"నన్నడగండి బాబూ, నాను సెప్తాను!" అంటూ అడ్మిరల్ గారి ఎదుట నిలబడి వేలు చూపించింది. "ఇదంతా ఈడు సేసిందే! ఈ పడవోడు ఈడి దోస్తే. టీలు తాగించి తాగించి మాటాడుకున్నాడు. ఇంట్లో ఒక్క ముక్క సెప్పనేదు, అడిగితే రహస్యం అన్నాడు. మా మీద నీల్లు కొడతంటే పైనుండి గుడ్లప్పగించి సూస్తా నిలబడ్డాడు, కన్నార్పనేదు! కట్టుకున్నదని నేదు, అత్తని నేదు, అందర్నీ తెచ్చి నట్టేట్లో పెట్టీసినాడు! ఇలాటోడు ఇంకొకడుంటే సూపించండి!"

"వాట్ ఈజ్ షీ సేయింగ్?" అన్నారు అడ్మిరల్ గారు.

జానకిరామ్‌కు దాచడానికి ఓపిక లేదు. ఉన్నదున్నట్టు, మాటకు మాట ఇంగ్లీషులో అప్పజెప్పాడు. మొత్తం పథకం ఇతనిదేనట సార్. పడవవాడికి టీలు తాగించి, స్నేహం చేసుకుని కుదుర్చుకున్నాడట. ఇంట్లోవాళ్ళకు కూడా రహస్యం చెప్పలేదట. నీళ్ళు కొడుతున్నా కన్నార్పకుండా నిలబడ్డాడట. సొంత భార్యనూ అత్తగారినీ కూడా పెట్టాడట. ఇలాంటివాడు ఇంకొకడు లేడని ఆమె అంటోంది సార్.

అడ్మిరల్ గారు లేచి నిలబడ్డారు.

"నలభై కసరత్తులు చూశాను," అన్నారు మెల్లగా. "శత్రువు నల్ల గుడ్డ కట్టుకుని, చెప్పిన టైముకు వచ్చి, చెప్పిన టైముకు ఓడిపోయి, మాతో పాటు టీ తాగి పోతాడు. వాడు శత్రువని దగ్గరికొచ్చేదాకా తెలియకపోవడం ఇవాళే చూశాను. తెలిశాక మీ తూటాల తాళంచెవి భోజనానికి వెళ్ళడం కూడా చూశాను." మేనేజరు గారు నేల చూశారు. "ఈ మనిషి మీ దగ్గర ఏ హోదాలో పనిచేస్తున్నాడు?"

"కాజువల్ సార్," అన్నారు మేనేజరు.

"కాజువల్!" అడ్మిరల్ గారు ఆ మాట రెండుసార్లు పలికారు. రెండోసారి పలికేసరికే ఫైలు వీపు వెనక నుంచి ముందుకొచ్చింది, మూత తీసిన పెన్నుతో సహా. జానకిరామ్ ఊపిరి పీల్చుకుని, ఇదంతా తన పథకంలో ఆరో మెట్టు అని అడ్మిరల్ గారికి వివరించడం మొదలుపెట్టాడు.

కాంతమ్మకు ఇంగ్లీషు రాదు. తన ఫిర్యాదు పనిచేసిందని, అల్లుడికి తగిన శాస్తి జరుగుతోందని తృప్తిగా టీ తాగింది. ఆదాము ఆమెకు ఎదురుగా కూర్చుని ఏడుస్తున్నాడు. సంతోషానికి ఏడుస్తున్నాడో సిగ్గుకు ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. డోర్కాస్ కొంగుతో అతని తల తుడిచింది, కాస్త గట్టిగానే తుడిచింది.

ఆర్డరు రావడానికి మూడు వారాలు పట్టింది. చిక్కేమిటంటే, కాపలాదారు పోస్టులు యార్డులో ఒక్కటీ ఖాళీ లేవు, కొత్తవి వేయకూడదని ఆంక్ష ఉంది. అడ్మిరల్ గారి ఉత్తరం మాత్రం బల్ల మీద కూర్చుని ఉంది. ఆ ఉత్తరంలో ఏ మాట ఉంటే ఆ మాటతోనే కొత్త పోస్టు పుట్టించారు మేనేజరు గారు. మూడు యూనియన్లూ అతను మా సభ్యుడంటే మా సభ్యుడని గేటు దగ్గర కొట్టుకున్నాయి.

ఆ మూడు వారాలూ కాంతమ్మ అల్లుడితో మాట్లాడలేదు. ఆర్డరు తెచ్చిన సాయంత్రం ఆదాము దాన్ని డోర్కాస్ చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఒక్కొక్క మాటే ఇంగ్లీషులో చదివి, తల్లి కోసం తెలుగులో చెప్పింది. పేరు ఆదాము. ఉద్యోగం పర్మనెంటు. క్వార్టరు ఇవ్వబడును. నెలకోసారి పడవ మీద వచ్చి ఓడను ముట్టడించవలెను. హోదా, శత్రువు.

కాంతమ్మ ఆ కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కింద ఉన్న పెద్ద ముద్రను చాలాసేపు చూసింది.

"ఇన్నాల్లకి గవుర్నమెంటోల్లకి కూడా తెలిసిందన్నమాట," అంది.